డబుల్ అయిపోయిన కర్ణాటక సంగీతం సీడీలు ఏం చేయాలి? (విజయనగరం)

కంటోన్మెంట్ కోడలు

అందరికీ నమస్తే. మాది విజయనగరం. సమస్య చిన్నదే గానీ ఇంట్లో రెండు నెలల నుంచి తెగట్లేదు. మా నాన్నగారికీ మావగారికీ ఇద్దరికీ కర్ణాటక సంగీతం పిచ్చి, అసలు మా సంబంధం కుదిరిందే ఆ పిచ్చి వల్ల అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. వియ్యంకులిద్దరూ కలిసి డిసెంబర్‌లో చెన్నై కచేరీలకి వెళ్ళేవాళ్ళు, అక్కడ ఒకే షాపులో ఒకే సీడీ చెరొకటి కొనుక్కుని వచ్చేవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకటి కొనొచ్చు కదా, మనం ఉండేది ఒక్క ఊళ్ళోనే కదా అంటే ఇద్దరూ ఒక్కటైపోయి నా మీద పడేవాళ్ళు.

నాన్నగారు కిందటేడు కాలం చేశారు. అమ్మ మా దగ్గరికి వచ్చేసింది, అమ్మతో పాటు నాలుగు అట్టపెట్టెల సీడీలూ వచ్చేశాయి. మొన్న ఆదివారం కూర్చుని లెక్కపెడితే మొత్తం 430 పైచిలుకు ఉన్నాయి, అందులో 112 డబుల్. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విష్ణు సహస్రనామం ఒక్కటే నాలుగు. లాల్గుడి రెండేసి, బాలమురళి రెండేసి, మాండొలిన్ శ్రీనివాస్ రెండేసి, నేదునూరి గారివి అయితే మూడేసి కూడా ఉన్నాయి. బీరువా తలుపు పడట్లేదు.

మా ఆయన పాత సామాన్లవాడికి వేసేద్దాం అంటారు. మావగారేమో "డూప్లికేట్ ఏంటమ్మా, ఒకటి ఆయనది, ఒకటి నాది" అంటారు. ఆయనకి 81, గట్టిగా మాట్లాడలేను. మ్యూజిక్ కాలేజీకి ఇస్తే తీసుకుంటారా? ఎవరైనా ఇలాంటివి వదిలించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. అమ్ముకునే ఉద్దేశం లేదు, డబ్బులొస్తే వద్దనను కూడా అనుకోండి.

ఫిడేలు పిచ్చి

అమ్మా, ముందు ఆ 112 నిజంగా డబులేనా చూడండి. అట్ట ఒకటే అయితే లోపల ఒకటే అనుకోవద్దు, అట్టలు వేరైతే లోపల వేరు అనీ అనుకోవద్దు. కంపెనీలు ఒకే పాత రికార్డింగుని పదేళ్ళకోసారి కొత్త బొమ్మ వేసి కొత్త పేరు పెట్టి మళ్ళీ వదుల్తూ ఉంటాయి. అదే మాదిరి ఒకే విద్వాంసుడు ఒకే కృతిని వేరే ఏడాది వేరే సభలో పాడింది అదే రంగు అట్టలో వస్తుంది. ఉపాయం ఏంటంటే వెనకాల ట్రాకుల నిడివి చూడండి, నిమిషాలూ సెకన్లతో సహా. కృతి అదే, రాగం అదే, ఒకదాంట్లో 14 నిమిషాలు రెండోదాంట్లో 22 నిమిషాలు ఉందంటే అది వేరే కచేరీ, లేదా ఒకదాంట్లో తని ఆవర్తనం, అంటే మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం, కోసేశారు. పక్కవాద్యం పేర్లు కూడా చూడండి, మృదంగం మారితే కచేరీ మారినట్టే.

నిడివిలో కొద్దిగా తేడా ఉంటే అది ఇంకో గొడవ. పాత టేపుల నుంచి సీడీకి ఎక్కించేటప్పుడు టేపు వేగం కొంచెం అటూఇటూ అయినా శ్రుతి మారిపోతుంది, ఒకే కచేరీ ఒక సీడీలో ఒకలా ఇంకో సీడీలో అర మెట్టు పైన వినిపిస్తుంది. అలాంటప్పుడు రెండూ ఉంచుకోవడమే, లేదా మీ మావగారి చేత శ్రుతిపెట్టె (ఆధార శ్రుతి మోగించే పెట్టె) పెట్టించి సరైనది ఏదో తేల్చుకోవడం. ఆయనకి ఓ పని దొరికినట్టు ఉంటుంది, మీ పోరూ తగ్గుతుంది.

ఇంకోటి, అడుగు వైపు తిప్పి చూడండి. వెండిలా మెరిస్తే మామూలుగా కంపెనీది. పచ్చగానో నీలంగానో ఉంటే ఎవరో ఇంట్లో కంప్యూటర్‌లో రాసుకున్నది, దాని లోపల ఉండేది రంగు పూత, అది ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది. అలాంటివి ఎవరికీ ఇవ్వకండి, ఇచ్చి మాట పడటమే. కంపెనీవి కూడా కిటికీ దగ్గర లైటుకి ఎత్తి పట్టుకుని చూడండి, సూది బెజ్జాల్లా కాంతి కనిపిస్తే పూత పోయినట్టు.

తుడిస్తే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి కాదు. బొమ్మ ఉన్న వైపే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఆ బొమ్మ కిందే పూత ఉంటుంది. మనవాళ్ళంతా అటు గీతలు పడితే ఏం కాదనుకుని టీ గ్లాసు కూడా పెట్టేస్తారు.

నాగావళి గట్టు

మాది సిక్కోలమ్మా, అదే శ్రీకాకుళం. ఏటి దాస్తారు చెప్పండి, మా ఇంట్లో ఘంటసాలవీ అన్నమయ్యవీ కలిపి ఓ బస్తాడు ఉండీవి. 2018లో తిత్లీ తుపానుకి రేకులు లేచిపోయి అటక మీద డబ్బాలన్నీ తడిసిపోనాయి. లోపలి కాయితాలు సీడీలకి అతుక్కుపోయి, పీకితే పూతతో సహా ఊడొచ్చీసింది. సరే పోనీలే అని మా నాన్న వాటికి దారాలు కట్టి టమాటా మళ్ళో వేలాడదీసాడు, పిట్టలు రాకుండాన. ఎండకి తళతళ మెరిసిపోతుంటే పది రోజులు ఒక్క పిట్ట రాలేదండి. పదకొండో రోజు నుంచి ఆ దారాల మీదే కూకోడం మొదలెట్టాయి. రెండు నెల్లకి పూత పొరలు పొరలుగా రాలి మడంతా పడింది, అవి ఏరడానికి మళ్ళా మనిషిని పెట్టాం. కాబట్టి తోటలో కట్టండి అని ఎవరైనా సలహా ఇస్తే నన్ను తల్చుకోండి.

విష్ణు సహస్రనామం నాలుగున్నాయి కదా, కోవెలకి ఇచ్చీండి. అయితే ముందు కనుక్కోండి, మా ఊరి రామకోవెల్లో ఇచ్చీడానికి వెళ్తే ప్లేయర్ వైర్లు ఎలకలు కొరికీసాయి, పంతులు గారు పెన్‌డ్రైవ్‌లో పెట్టీసారు. పాత సామాన్లవాడు కూడా సీడీలు వద్దన్నాడు, డబ్బాల ప్లాస్టిక్ అయితే తీసుకుంటానన్నాడు. బిళ్ళలు మాత్రం పొయ్యిలో పడీకండి బాబూ, ఆ పొగ మంచిది కాదు.

ఇంటి దగ్గర పాఠాలు

నేను విజయనగరంలోనే ఇంటి దగ్గర పిల్లలకి గాత్రం చెప్తాను, డిప్లొమా మన కాలేజీలోనే చేశాను. మీరు కాలేజీ అన్నారు కాబట్టి చెప్తున్నా. 1919లో పెట్టిన కాలేజీ, నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు చెప్పింది అక్కడే, తర్వాత ప్రిన్సిపాలూ అయ్యారు, ఘంటసాల చదివింది అక్కడే, నేదునూరి గారూ అక్కడి విద్యార్థే. అంత పేరున్న చోటికి అట్టపెట్టె పట్టుకెళ్ళి గుమ్మంలో దింపేస్తే బాగోదు. ప్రభుత్వ కాలేజీ, తీసుకున్నది ఏదైనా రిజిస్టర్‌లో ఎక్కించాలి, పెట్టడానికి బీరువా కావాలి, తాళం ఎవరి దగ్గరుండాలో తేలాలి. ముందు లిస్టు రాయండి. విద్వాంసుడి పేరు, పక్కవాద్యాలు, కృతి, రాగం. అది పట్టుకెళ్ళి ఏవి కావాలో వాళ్ళనే టిక్కు పెట్టమనండి. అన్నీ తీసుకోండి అని మాత్రం అడక్కండి, ఆ మాటకి ఎవరైనా భయపడతారు.

అసలు సంగతి ఏంటంటే మా పిల్లల ఇళ్ళల్లో సీడీ ప్లేయర్ ఉన్నవాళ్ళు పదిమందిలో ఒకరో ఇద్దరో, అదీ టీవీ కింద మూల పడున్న డీవీడీ ప్లేయర్. ఎందుకు టీచర్, ఫోన్లో ఉంది కదా అంటారు. ఫోన్లో ఉంది నిజమే. తోడి రాగం ఆలాపన మంచి పట్టులో ఉండగా మధ్యలో సబ్బు ప్రకటన కూడా ఉంది. పైగా ఫోన్లో ఎవరు పాడారో సరిగ్గా రాయరు, రాగం తప్పు రాస్తారు, ఫిడేలు ఎవరో అసలు రాయరు. సీడీలో పెట్టే చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, నాకు పాఠానికి పనికొచ్చేది అది. కొన్నింటిలో సాహిత్యం మొత్తం ఉంటుంది, అర్థం కూడా. మా దగ్గర ఒక పిల్ల నెలకో సీడీ పట్టుకెళ్తుంది, వాళ్ళ తాతగారి ప్లేయర్ ఉంది, తిరిగి తెచ్చేటప్పుడు ఒక కృతి గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే రెండోది ఇవ్వను.

అందుకే నా సలహా, సంస్థలకంటే మనుషులకి ఇవ్వండి, ఒక్కసారి కాకుండా రెండేసి మూడేసి ఇవ్వండి. ఇరవై ఇస్తే ఇరవయ్యీ వాళ్ళ అటక ఎక్కుతాయి, మీ బరువు వాళ్ళింటికి మారుతుంది అంతే. త్యాగరాజ ఆరాధన రోజు అయితే ఇంకా మంచిది, పుష్య బహుళ పంచమికి పంచరత్నాలు పాడటానికి వచ్చేవాళ్ళంతా వినేవాళ్ళే, ఒక బల్ల మీద పేర్చి కావలసినవాళ్ళు తీసుకోండి అని కాగితం పెట్టండి. ఒకే కృతిని నలుగురు పాడినవి ఉంటే అవి విడదీయకుండా నాకు ఇవ్వండి అమ్మా, బాణీల తేడా చెప్పడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

ఆడియో బాబు

ఇచ్చే ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. లాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీది బయట పెట్టుకునేది దొరుకుతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, గీతలున్న చోట మళ్ళీ మళ్ళీ చదివి వీలైనంత తప్పుల్లేకుండా తీస్తుంది. ఎంపీ3 కాకుండా ఫ్లాక్ అనే ఫైలు రకంలో పెట్టండి. గంట సంగీతం సీడీలో ఉన్నట్టే పెడితే దాదాపు 600 ఎంబీ, ఫ్లాక్‌లో ఇంచుమించు సగానికి వస్తుంది, నాణ్యత ఏమీ పోదు. డబుల్స్ తీసేస్తే మీకు మిగిలేవి మూడొందల చిల్లర, ఒక 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడతాయి.

కానీ ఆ పెన్‌డ్రైవ్ కాపీలు ఊరంతా పంచొద్దు. త్యాగరాజ స్వామి పోయింది 1847లో, ఆయన కృతుల మీద ఎవరికీ హక్కుల్లేవు, పాడిన రికార్డింగు మీద మాత్రం ఉంటాయి. మన చట్టంలో విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళు. 1960లో వచ్చిన రికార్డు అయితే 2020 ఆఖరుదాకా. మీ డబుల్స్‌తో ఆ తంటా లేదు, ఒకటి మీ దగ్గరే ఉంటుంది, రెండోది కొన్న సరుకు, ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్మొచ్చు కూడా. అమ్మితే పెద్దగా ఏం రాదు, ఇప్పుడు దొరకనివి తప్ప. ప్యాకింగు, కొరియరు పోగా మిగిలేది చాయ్ డబ్బులు.

నాగావళి గట్టు

ఆడియో బాబు గారూ, మూడొందల సీడీలు ఒక్కోటి పెట్టి తియ్యడం, పెట్టి తియ్యడం, ఎవరు కూకుంటారండి? మావగారికి 81 అంటున్నారు, వాళ్ళాయనేమో పాత సామాన్లవాడి పార్టీ.

ఆడియో బాబు

రోజుకి మూడు చాలు. వంట చేస్తూ కూడా అయిపోతుంది.

కంటోన్మెంట్ కోడలు

వంట చేస్తూ అన్న మాట మగవాళ్ళే అంటారు. సరే.

మూడు వారాలైంది, అందరికీ చెప్పాలి కదా. ఫిడేలు పిచ్చి గారు చెప్పినట్టు మావగారిని కూర్చోబెట్టాను. శ్రుతిపెట్టె బయటికి తీశారు, రోజూ పొద్దున్న కాఫీ అయ్యాక కొన్ని జతలు, ఒకటి ఇటు ఒకటి అటు. 112లో 17 అసలు డబులే కాదు. అందులో ఒక దాంట్లో గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో ఉన్నారు, అదే కచేరీ ఇంకో కంపెనీ వేసిన దాంట్లో దాదాపు రెండుకి, అంటే అర మెట్టు పైకి, వెళ్ళిపోయారు. "మీ నాన్న పదిహేనేళ్ళ క్రితమే చెప్పాడు ఈ సీడీ పరుగెడుతోందని, నేనే ఒప్పుకోలేదు" అన్నారు. దాని మీద ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదట, మాకెవరికీ తెలీదు. ఇంకో 9 ఇంట్లో రాసుకున్నవి, అడుగు పచ్చగా ఉన్నాయి, నాలుగు అసలు ఆడలేదు. అవి పక్కన పెట్టేశాం.

మిగిలినవి 86. ఇప్పుడు ఏది ఉంచాలి, ఏది ఇవ్వాలి అని మళ్ళీ పేచీ వస్తుందనుకున్నాను. మావగారు ఏ మాటా లేకుండా తనవన్నీ ఇచ్చేసే పెట్టెలో వేసి నాన్నవి ఉంచుతున్నారు. ఎందుకండీ అంటే "మీ నాన్న సీడీ అంచులు పట్టుకునేవాడు, నేను అరచెయ్యి వేసేవాణ్ణి, నావన్నీ గీతలు" అన్నారు. చూస్తే నిజమే, నాన్నవి కొత్తవాటిలా ఉన్నాయి. మరి గీతలున్నవి ఊళ్ళోవాళ్ళకి ఇవ్వడం ఏం బాగుంటుంది అని అమ్మ అడిగింది, దాంతో మళ్ళీ అన్నీ ప్లేయర్‌లో పెట్టి చూడటం మొదలైంది. పైపై గీతలే, 86లో 5 మాత్రం మధ్యలో ఎగురుతున్నాయి, అవి తీసేశాం.

పాఠాలు చెప్పే మేడం గారూ, మీరడిగినవి కట్ట కట్టి ఉంచాను. "ఎందరో మహానుభావులు" అయిదుగురు పాడినవి, "నగుమోము" నలుగురివి, ఇలాంటివే ఇంకొన్ని కలిపి మొత్తం 20. పుస్తకాలు అన్నింటిలోనూ ఉన్నాయి, రెండింటికి మాత్రం చెదలు కొంచెం కొట్టింది. కాలేజీకి లిస్టు ఇచ్చాం, చూసి చెప్తామన్నారు. విష్ణు సహస్రనామం ఒకటి మా పక్కింటి బామ్మగారికి, ఒకటి మా పనమ్మాయి వాళ్ళ అత్తకి వెళ్ళాయి, ఆవిడకి ఇంకా ప్లేయర్ ఉందట. మూడోది ఇవ్వనన్నారు మావగారు, అది కారులో ఉండాలట. మా కారుకి సీడీ పెట్టే చోటు లేదు, ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఇంటి దగ్గర పాఠాలు

శనివారం సాయంత్రం వచ్చి తీసుకుంటానమ్మా. మావగారు ఇంట్లోనే ఉంటారా? ఆ పరుగెత్తే సీడీ ఒకసారి వినిపించమనండి, అదీ ఇదీ రెండూ.

కంటోన్మెంట్ కోడలు

ఉంటారు, రండి. కాఫీకి ముందు మాత్రం ఆ విషయం ఎత్తకండి.

ఇంకా 58 ఉన్నాయి అండీ. బొబ్బిలి, చీపురుపల్లి, సిక్కోలు వైపు సంగీతం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి, లిస్టు పెడతాను. వీణవి 11 ఉన్నాయి, వాటికి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

నాగావళి గట్టు

వీణవి నాకు రెండు ఉంచండమ్మా. పిట్టలకి కాదు.