పాతూర్లో తొట్టికట్టు ఇల్లు తీసి లాడ్జి కడతారంట, సడలింపు కోసం వీధి వాళ్ళ సంతకాలు అడుగుతా ఉన్నారు, పెట్టాలా వద్దా?

తేరువీధి_పక్కన:
అందరికీ నమస్కారం. మేముండేది తిరుపతి పాతూర్లో, గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరం. మా వీధిలో ఒక పాత తొట్టికట్టు ఇల్లుంది, ముందర రెండు తిన్నెలు, చెక్క స్తంభాలు, లోపల బావి, మొత్తం ఒక 40 అంకణాలు ఉంటుంది. అన్నదమ్ములు ముగ్గురిది, ఇద్దరు బెంగళూరులో ఉంటారు, పెద్దాయన ఒక్కరే ఇక్కడ. ఇప్పుడు అది తీసేసి కింద షాపులు, పైన నాలుగంతస్తులు యాత్రికులకి రూములు కట్టాలనుకుంటున్నారు. రూల్ ప్రకారం నాలుగు పక్కలా సెట్‌బ్యాకు, అంటే హద్దు నుంచి ఖాళీ స్థలం వదిలితే కట్టేదానికి స్థలం మిగలదు కాబట్టి సడలింపు అడుగుతాము, వీధిలో ఎవరికీ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టివ్వండని ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ వస్తా ఉన్నారు. పెద్దాయన మా నాయనకి చిన్నప్పటి స్నేహితుడు, వానొస్తే ఆ ఇల్లు ఎట్లా కారుతుందో నేను కళ్ళారా చూసినా, కష్టం నిజమే. కానీ కాగితంలో ఎంత ఎత్తు, పార్కింగు ఎక్కడ అనేది ఒక్క ముక్క లేదు. అసలు మన సంతకానికి ఆఫీసులో విలువ ఉంటుందా? తెలిసినోళ్ళు చెప్పండి.

ప్లాన్లు_గీస్తా:
తమ్ముడూ, నేను ఇదే ఊర్లో ప్లాన్లు గీసే పని చేస్తా. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన జీవో 119 బిల్డింగ్ రూల్సే వీటికి ఆధారం, స్థలం ఎంత, ఎత్తు ఎంత, ముందర రోడ్డు వెడల్పు ఎంత అనే మూడింటిని బట్టి సెట్‌బ్యాకు వస్తుంది. పక్కింటాయన ఒప్పుకున్నాడని రూలు మారిపోదు. రోడ్డు వెడల్పు కోసం స్థలం ఉచితంగా వదిలితే దానికి బదులు సెట్‌బ్యాకులో సడలింపు గానీ టీడీఆర్ (ఇంకోచోట ఎక్కువ కట్టుకునేదానికి వాడుకునే, లేదంటే అమ్ముకునే హక్కు పత్రం) గానీ వచ్చే దారి ఉంది, అది రూల్లోనే ఉంది. ఇక మాస్టర్ ప్లాన్లో ఆ స్థలం రెసిడెన్షియల్ అని ఉండి కమర్షియల్‌కి మార్చాలంటే అప్పుడు డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చి జనం దగ్గర అభ్యంతరాలు, సలహాలు తీసుకుంటారు, మీ మాటకి నిజంగా చోటు ఉండేది అక్కడ. కాబట్టి ముందు వాళ్ళు అడిగేది ఏంది, సెట్‌బ్యాకా, ఎత్తా, ల్యాండ్ యూజ్ మార్పా, అది తేల్చుకో. అన్నీ కలిపి ‘అభ్యంతరం లేదు’ అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు, రేపు నువ్వు కోర్టుకి పోయినా అదే కాగితం నీ ముందర పెడతారు.

కర్నాల_వీధి:
నేనైతే పెట్టను. మా మేనమామ వాళ్ళ వీధిలో ఇట్లనే ఇల్లు అని చెప్పి మొదలుపెట్టి చివరికి లాడ్జి అయింది, ఇప్పుడు తెల్లవారుజామున రెండు గంటలకి టెంపో ట్రావెలర్లు వచ్చి హారన్లు కొడతా ఉంటాయి, ముసలోళ్ళకి నిద్ర లేదు, మురుగుకాలవేమో అప్పటి ఐదారు ఇళ్ళకి వేసిందే, బాత్రూములు ముప్పై అయితే అది ఎక్కడ పోతుంది. రూములు కావాలంటే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉంది, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉంది, బైపాస్ పక్క ఎన్ని హోటళ్ళు లేవు. రామానుజులవారు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠ చేసినాక ఆ గుడి చుట్టూ పెరిగిన ఊరు ఇది, బ్రహ్మోత్సవాల్లో స్వామి మాడవీధుల్లో వస్తే తిన్నె మీద నిలబడి హారతి ఇచ్చే ఇళ్ళు ఇప్పుడు ఎన్ని మిగిలినాయో ఒకసారి నడిచి చూడండి.

మిద్దిల్లు_మాది:
పైన అన్న చెప్పింది బాగుంది కానీ అట్లాంటి ఇంట్లో ఉండేది మేము. మాదీ పాత మిద్దిల్లే. దూలాలకి చెదలు, గచ్చు వేసే మేస్త్రీ దొరకడు, దొరికినా కూలి ఇచ్చుకోలేము, బ్యాంకుకి పోతే పాత ఇంటికి లోన్ రాదంటారు. వారసులు నలుగురుంటే నలుగురి సంతకాలు కావాలి, ఒక్కరికి డబ్బు అవసరం వచ్చిందంటే అమ్మకమే. చంద్రగిరి కోట అయితే ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటుంది, దాని చుట్టూ 100 మీటర్లు కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత 200 మీటర్లు పర్మిషన్‌తోనే కట్టాలి. మా ఇంటికి ఆ రక్షణా లేదు, రిపేరుకి ఒక్క రూపాయి సాయమూ లేదు. ఇల్లు కాపాడండి అనే వీధి, అది నిలబడేదానికి ఏదైనా ఒక ఆదాయం వచ్చే దారిని కూడా ఒప్పుకోవాల.

చిత్తూరోడు_వాషింగ్టన్:
నేను ఉండేది వాషింగ్టన్ డీసీలో, పాత ఇళ్ళ పేటలో. ఇక్కడ ఇదే గొడవ రోజూ ఉంటుంది కానీ పద్ధతి వేరే. జోనింగ్ సడలింపు కావాలంటే ఒక బోర్డుకి అప్లికేషన్ పెట్టాలి, 200 అడుగుల్లోపల ఉండే ఓనర్లకి నోటీసు పోతుంది, ఇంటి ముందర బోర్డు కడతారు, హియరింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు. ప్రతి పేటకీ ఎన్నికైన సలహా కమిషన్ ఒకటి ఉంటుంది, వాళ్ళు రాసిచ్చిన మాటకి బోర్డు గట్టి విలువ ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇంటి రూపం సంగతి చూసేది ఇంకో బోర్డు. నేను గమనించింది ఏందంటే ఇక్కడ వీధి వాళ్ళు మద్దతు ఊరికే ఇవ్వరు, ముందర గోడ, తలుపులు, ఎత్తు అట్లే ఉంచండి, వెనక పక్క పెంచుకోండి, దానికి మేము లెటర్ ఇస్తాము అని బేరం పెడతారు.

మన వీధికి ఇది ఇంకా బాగా సరిపోతుంది. పాతూర్లో ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనుకుని, తిన్నెలు వీధి అంచుకే ఉంటాయి. కొత్త రూల్ ప్రకారం ముందర స్థలం వదిలి లోపలికి జరిపి కడితేనే వరస చెడిపోతుంది. కాబట్టి ముందర సెట్‌బ్యాకు సడలించమని అడగడంలో తప్పు లేదు, తిన్నెలు, ముందర వసారా అట్లే ఉంచే షరతు మీద వీధే వాళ్ళ తరఫున అడగొచ్చు. ఎత్తులో, పార్కింగులో సడలింపుకి మాత్రం ఒప్పుకోకండి.

తేరువీధి_పక్కన:
ఇది మా నాయనకి చదివి వినిపించినా, ఆయనకి నచ్చింది. పెద్దాయన దగ్గరికి ఈ ఆదివారం నాయన్నే పంపిస్తా, ముందర భాగం ఉంచి వెనక రెండంతస్తులు, రూములు తక్కువ, బండ్లు వీధిలో ఆపకూడదు, ఇట్లా రాసుకుని వస్తే మొదటి సంతకం మాదే. ప్లాన్లు గీసే అన్నా, ఆ పక్క గోడ మాకూ వాళ్ళకీ ఉమ్మడిది, దాని గురించి కూడా రాయాల్నా?

ప్లాన్లు_గీస్తా:
తప్పకుండా రాయాల. మీది సున్నం, మట్టితో కట్టిన గోడ, పక్కన పునాదికి లోతుగా గుంత తీసినారంటే జరుగుతుంది. జేసీబీ పెట్టకుండా మనుషులతో కొంచెం కొంచెంగా తవ్వాలని, బీటలు వస్తే వాళ్ళే బాగుచేయాలని రాయించు. పని మొదలు కాకముందే మీ ఇంటి గోడలన్నీ లోపలా బయటా ఫోటోలు తీసి, తేదీ కనిపించేట్టు పెట్టుకో. బావిని పూడ్చకుండా వాననీళ్ళు దాంట్లోకి పోయేట్టు పెట్టమను, ప్లాన్లో ఎట్లాగూ ఇంకుడుగుంత చూపించాలి కదా.