జాన్ చార్ల్స్ ఆడిన మ్యాచ్‌ల పూర్తి వీడియోలు ఎక్కడైనా దొరుకుతాయా?

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడి ఎల్లండ్ రోడ్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఒక స్టాండ్‌కి జాన్ చార్ల్స్ పేరు పెట్టారు. ఎవరీయన అని మా పక్కింటి తాతగారిని అడిగానంతే, టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నారు!

స్వాన్సీలో పుట్టిన వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు. లీడ్స్ యునైటెడ్ క్లబ్‌కి మొదట సెంటర్ హాఫ్‌గా, అంటే డిఫెన్స్‌లో ఆడాడు. తర్వాత ముందుకు, అంటే గోల్స్ కొట్టే స్థానానికి పంపితే 1953-54 సీజన్‌లో లీగ్‌లోనే 42 గోల్స్ కొట్టాడు. 1957లో ఇటలీ క్లబ్ యువెంటస్ 65,000 పౌండ్లకు కొనుక్కుంది. అక్కడ మొదటి సీజన్‌లోనే 28 గోల్స్, లీగ్ టైటిల్ కూడా. కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా రిఫరీ తప్పు ఆట ఆడాడని ఈయన పేరు రాసుకోలేదట. అంత భారీ మనిషి! అందుకే ఇటలీవాళ్లు ‘మంచి మహాకాయుడు’ అని ముద్దుగా పిలుచుకున్నారు.

1958 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌కి మాత్రం గాయంతో దూరమయ్యాడు. పెలే గోల్‌తో బ్రెజిల్ వేల్స్‌పై 1-0తో గెలిచింది. తాతగారికి ఆ బాధ ఇంకా పోలేదు.

ఆయన డిఫెండర్‌గానే గొప్ప అని తాతగారి వాదన. నాకు ఆ గోల్స్ లెక్క చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. చిన్న క్లిప్పులు చూసి తేల్చలేకపోతున్నాను. చార్ల్స్ డిఫెన్స్‌లో ఆడిన మ్యాచ్ పూర్తి వీడియో ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి ప్లీజ్. ఇటాలియన్ కామెంటరీ అయినా ఫర్వాలేదు.