సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు మూలకణాల ఇంజెక్షన్: పొలం అమ్మి ఇప్పించాలా?

రఘురాం, మల్కాజిగిరి (ఆదివారం, రాత్రి 10.40)

అందరికీ నమస్కారం. మా బాబుకు వచ్చే నెల నాలుగేళ్లు నిండుతాయి. పుట్టగానే ఏడవలేదు. పదకొండు రోజులు అద్దాల గదిలో ఉంచారు. రెండో ఏట సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు దెబ్బ తగిలి కదలికలు అదుపు తప్పే వైకల్యం అని తేల్చారు. కాళ్లు బిగుసుకుని కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. పట్టుకోకపోతే కూర్చోలేడు. మాటలు నాలుగైదే వచ్చాయి గానీ మనం చెప్పేదంతా అర్థమవుతుంది.

నగరంలో ఒక ప్రైవేటు కేంద్రం వాళ్లు తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను (ఇతర కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) వేరుచేసి, నడుము దగ్గర వెన్నులోకి ఎక్కిస్తామంటున్నారు. మూడు విడతలు, మొత్తం 5 లక్షల 40 వేలు. మా నాన్నగారు ఊళ్లో అర ఎకరం అమ్మేద్దామంటున్నారు. నా భార్య వద్దంటోంది. చేయించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

భాస్కర్ (రాత్రి 10.58)

మా తోడల్లుడి కూతురికి చేయించారు. బాగానే ఉందని విన్నాను.

శ్రీనివాస్, సికింద్రాబాద్ (రాత్రి 11.35)

రఘురాం గారూ, పొలం అమ్మకండి. నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లల ఫిజియోథెరపీ చేస్తున్నాను.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో మూలకణాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణాలతో ఏ చికిత్స చేసినా అది అనుమతి పొందిన, మందు పనిచేస్తుందో లేదో పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. బయట చేస్తే అనైతికమని అందులో రాసే ఉంది. ట్రయల్ అయితే, పాల్గొన్నవారి దగ్గర పరీక్షిస్తున్న మందుకు డబ్బు తీసుకోకూడదు. అందుకని వాళ్లను ఒక్కటే అడగండి. ఇది ట్రయలా, చికిత్సా? ట్రయల్ అయితే 5 లక్షల 40 వేలు దేనికి? చికిత్స అయితే అనుమతి పత్రం ఏది?

ఇంకొకటి. కాళ్లు కత్తెరలా పడుతున్నాయంటున్నారు కనుక ముందు తుంటి ఎక్స్‌రే తీయించండి. ఈ పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి మెల్లగా పక్కకు జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, కంటికి కనిపించదు. స్వీడన్‌లో దక్షిణ ప్రాంతంలో మొదలుపెట్టి, 1994 నుంచి ఈ సమస్య ఉన్న పిల్లలందరికీ క్రమం తప్పకుండా ఎక్స్‌రేలు తీస్తూ, జరగడం మొదలవగానే సరిచేస్తూ, తుంటి పూర్తిగా ఊడిపోయే పరిస్థితిని దాదాపు లేకుండా చేశారు.

వయసు సంగతి కూడా చెప్పాలి. కెనడాలో 657 మంది పిల్లలను గమనించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్ద కదలికల్లో, అంటే కూర్చోవడం, నిలబడడం, నడవడంలో, పిల్లలు తాము చేరగలిగినదాంట్లో 90 శాతం ఐదేళ్లలోపే చేరుకుంటారని అందులో తేలింది. మీ బాబుకు ఈ ఒక్క ఏడాది చాలా విలువైనది. ఆసుపత్రి మంచాల మీద పోగొట్టకండి.

సుధారాణి, కూకట్‌పల్లి (సోమవారం, ఉదయం 6.15)

రఘురాం గారూ, నేను చేయించిన తల్లిని. విన్నమాట చెప్పడం లేదు, కన్నది చెబుతున్నాను.

మా వాడికి ఇప్పుడు ఏడేళ్లు. నాలుగేళ్ల వయసులో రెండు విడతలు ఇప్పించాం. నా గాజులు, మా అమ్మ గొలుసు అందులోనే పోయాయి. అంతకుముందు వాడు గోడకు ఆనించినా పక్కకు ఒరిగిపోయేవాడు. రెండో విడత అయిన నెలకు చాప మీద నాలుగు నిమిషాలు తనంతట తాను కూర్చున్నాడు. గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేక ఫోన్‌లో చెప్పి ఏడ్చేశాను. ఆ నాలుగు నిమిషాలకు మీ మార్గదర్శకాల్లో చోటు లేకపోవచ్చు, శ్రీనివాస్ గారూ. మా ఇంట్లో ఉంది.

శ్రీనివాస్, సికింద్రాబాద్ (ఉదయం 8.05)

అమ్మా, మీ అబ్బాయి కూర్చున్నాడంటే నాకూ సంతోషమే. ఒక్క ప్రశ్న. ఆ ఇంజెక్షన్‌తోపాటు రోజూ ఫిజియోథెరపీ ఉండిందా? ఉంటే ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు?

సుధారాణి, కూకట్‌పల్లి (ఉదయం 8.40)

ఒక్కో విడతకు ఇరవై ఒక్క రోజులు. రోజుకు మూడు గంటలు.

శ్రీనివాస్, సికింద్రాబాద్ (ఉదయం 8.52)

అంతకుముందు?

సుధారాణి, కూకట్‌పల్లి (ఉదయం 9.10)

వారానికి రెండు రోజులు, ముప్పావు గంట చొప్పున. అయితే ఏమిటి?

శ్రీనివాస్, సికింద్రాబాద్ (ఉదయం 9.30)

అయితే మీ అబ్బాయిని కూర్చోబెట్టింది విడతకు ఆ అరవై మూడు గంటలు. వారానికి గంటన్నర అభ్యాసం ఉన్న బిడ్డకు ఒక్కసారిగా వారానికి ఇరవై ఒక్క గంటలు దొరికాయి. ఆ గంటలకు అంత ఖర్చు కాదు. మజ్జ తీయకుండా అంత అభ్యాసమే ఇచ్చి చూశారా? చూడలేదు. అలాంటప్పుడు ఇంజెక్షన్ పనిచేసిందని ఎలా అంటారు?

సుధారాణి, కూకట్‌పల్లి (ఉదయం 9.44)

పనిచేయలేదని మీరెలా అంటారు?

కిరణ్, దిల్‌సుఖ్‌నగర్ (ఉదయం 10.20)

మా పాపకు నువ్వుల నూనెతో మర్దన చేయిస్తున్నాం. బిగువు తగ్గుతోంది.

అనూష, తార్నాక (మధ్యాహ్నం 1.15)

నేను జీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తాను, వైద్యురాలిని కాదు. ఇద్దరి మాటల్లోనూ సగమే ఉందనిపించి రాస్తున్నాను.

సెరిబ్రల్ పాల్సీ మీద మూలకణాల పరిశోధన బూటకం కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 63 మంది పిల్లలకు వారి సొంత బొడ్డుతాడు రక్తాన్ని ఎక్కించి చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద చూస్తే ఏడాది తర్వాత రక్తం అందుకున్నవారికీ ఉత్తుత్తి ద్రవం అందుకున్నవారికీ తేడా తేలలేదు. ఎక్కువ మోతాదులో కణాలు అందిన పిల్లల్లో మాత్రం కొంత ఎక్కువ మెరుగు కనిపించింది. తర్వాత అలాంటి అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ 2025లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. పెద్ద కదలికల్లో మెరుగు ఉందని, అది ఐదేళ్లలోపు పిల్లల్లో, వైకల్యం తీవ్రత తక్కువగా ఉన్నవారిలో ఎక్కువని అందులో ఉంది. అయితే అది బొడ్డుతాడు రక్తం, చేతి నరంలోకి ఎక్కించినది. రఘురాం గారికి చెప్పినది తుంటి మజ్జ, వెన్నులోకి. దాని ఫలితాన్ని దీనికి అంటగట్టలేం.

శ్రీనివాస్ గారు చెప్పిన కెనడా అధ్యయనం అసలు పాఠం ఇంకొకటి. ఐదేళ్లలోపు పిల్లలు కొత్త చికిత్స ఏదీ లేకపోయినా కొంత ముందుకు వెళ్తూనే ఉంటారు. ఆ వయసులో ఏది ఇచ్చినా ఆ ఎదుగుదల దాని ఖాతాలోకే చేరుతుంది. అందుకే పోల్చడానికి ఆ చికిత్స అందని రెండో జట్టు కావాలి.

పోల్చి చూడకపోతే ఏమవుతుందో మన దగ్గరే తెలిసింది. పుట్టగానే ఊపిరి అందని పిల్లల శరీరాన్ని మూడు రోజులు చల్లబరిస్తే మెదడు దెబ్బ తగ్గుతుందని సంపన్న దేశాల్లో రుజువైంది. మన దేశంలోనూ చాలాచోట్ల మొదలుపెట్టారు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది పసికందులతో ట్రయల్ చేస్తే, చల్లబరిచిన వారిలో 42 శాతం, చల్లబరచని వారిలో 31 శాతం చనిపోయారు. అది 2021లో వైద్య పత్రిక లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. మంచి ఉద్దేశంతో చేసినదే, రుజువు ఉన్నదే. అయినా ఇక్కడ హాని చేసింది.

సుధారాణి, కూకట్‌పల్లి (మధ్యాహ్నం 2.02)

చూశారా, మెరుగు ఉందని పెద్ద పత్రికలోనే వచ్చింది! అనూష గారూ, ధన్యవాదాలు.

శ్రీనివాస్, సికింద్రాబాద్ (మధ్యాహ్నం 2.20)

ఆవిడ రాసిన మిగతాది కూడా చదవండమ్మా. మీరు చేయించినది అది కాదు. మీ దగ్గర ట్రయల్ రిజిస్ట్రీ నంబరు, అంటే ట్రయల్‌ను నమోదు చేసిన నంబరు ఉందా? సంతకం చేసిన కాగితం మీద ఏమని ఉంది?

సుధారాణి, కూకట్‌పల్లి (మధ్యాహ్నం 2.45)

కాగితం, కాగితం! నిన్న రాత్రి మీరు రాసినదే తీసి చదువుకుంటున్నాను. ఐదేళ్లలోపే 90 శాతం అయిపోతుందన్నారు. మా వాడికి ఏడేళ్లు. అంటే వాడి పని అయిపోయిందనేగా? ఒక తల్లి చదువుతుందని తెలిసి కూడా ఎలా రాయగలిగారు? మీరు ముప్పావు గంట చూసి చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. మూడో అంతస్తు నుంచి పద్దెనిమిది కిలోల బిడ్డను భుజాన వేసుకుని దించేది నేను. నాకు అరవై ఏళ్లు వచ్చేసరికి వాడు నలభైకి దగ్గరవుతాడు. అప్పుడు ఎవరు దించుతారు? మీ రిజిస్ట్రీ నంబరు దించుతుందా?

నిర్వాహకులు (మధ్యాహ్నం 2.58)

వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. దయచేసి అంశం మీదే ఉండండి.

రమణ, నాచారం (సాయంత్రం 5.30)

అంశం నేనే కనుక రాస్తున్నాను. నాకు 36 ఏళ్లు, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. ఒక సంస్థలో లెక్కలు రాస్తాను. తొమ్మిదేళ్లు వచ్చేవరకు మా ఇంట్లో చక్రాల కుర్చీ కొననివ్వలేదు. కొంటే నడవడం మానేస్తానని వైద్యులు, చుట్టాలు అందరూ అన్నారు. ఆ తొమ్మిదేళ్లు నేను బడికి వెళ్లలేదు, గుమ్మంలో కూర్చుని మిగతా పిల్లలను చూశాను. కుర్చీ వచ్చాక నేరుగా నాలుగో తరగతిలో చేర్చారు. మా ఇంట్లో నా కాళ్లకు పెట్టిన ఖర్చులో పదో వంతు నా మాటకు పెట్టి ఉంటే ఈరోజు ఫోన్‌లో నా మాట జనానికి అర్థమయ్యేది. రఘురాం గారి అబ్బాయికి అన్నీ అర్థమవుతాయట, మాటలు నాలుగైదే వచ్చాయట. దాని గురించి ఇక్కడ ఒక్కరైనా అడిగారా? బొమ్మల పట్టీ చూపించి వాడికి ఏం కావాలో వాడినే అడగడం మొదలుపెట్టండి. రేపు మొదలుపెట్టవచ్చు.

సుధారాణి, కూకట్‌పల్లి (సాయంత్రం 6.10)

రమణ గారూ, మీరు చదువుకుని ఉద్యోగం చేస్తున్నారు. మా వాడి పరిస్థితి వేరు.

రమణ, నాచారం (సాయంత్రం 6.14)

మా అమ్మకూ నా ఏడేళ్లప్పుడు అలాగే చెప్పారు.

శ్రీనివాస్, సికింద్రాబాద్ (రాత్రి 9.50)

సుధారాణి గారూ, ఆ వాక్యం అలా రాసి ఉండకూడదు. ఆ 90 శాతం పెద్ద కదలికల గురించే. మాట, చేతి పని, నొప్పి లేకుండా కూర్చోవడం, చదువు, వీటిలో దేనికీ ఐదేళ్ల గీత లేదు. ఏడేళ్లకూ చేయాల్సింది చాలా ఉంది. నన్ను క్షమించండి.

నేను ఎందుకు ఇంత గట్టిగా మాట్లాడుతున్నానో కూడా చెబుతాను. మా చెల్లికి సెరిబ్రల్ పాల్సీ. నాన్న గుమస్తా. మూలికల వైద్యం, అయస్కాంతాల వైద్యం, కరెంటు వైద్యం, ఎవరు ఏ ఊరి పేరు చెప్పినా భుజాన వేసుకుని తీసుకెళ్లాడు. పద్నాలుగేళ్లపాటు ఎవరూ ఒక్క తుంటి ఎక్స్‌రే తీయలేదు. తీసేసరికి రెండు వైపులా ఊడిపోయి ఉంది. బట్టలు మార్చినప్పుడల్లా అరిచేది. ఆ అరుపు విని నేను ఈ చదువులోకి వచ్చాను. అమ్మ ఇప్పుడు లేదు. చెల్లిని ఎత్తి దించేది నేనే. ముప్పావు గంట చూసి చేతులు కడుక్కునే మనిషిని కాదమ్మా.

సుధారాణి, కూకట్‌పల్లి (రాత్రి 10.35)

చెల్లెలి సంగతి తెలియక అన్నాను, శ్రీనివాస్ గారూ. ఇంజెక్షన్ విషయంలో నా మాట మార్చుకోను. ఆ రోజు ఏదీ చేయించకుండా ఉండి ఉంటే నేను బతకలేకపోయేదాన్ని. అది వాడి కోసమా, నా కోసమా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేను.

మా వాడికి ఇంతవరకు తుంటి ఎక్స్‌రే తీయలేదు. ఆ కేంద్రంలో రెండుసార్లు ఎంఆర్ఐ తీశారు, స్కాన్‌లు తీశారు. తుంటి చూడమని ఎవరూ చెప్పలేదు. ఈ మధ్య ఎడమ కాలు కొంచెం పొట్టిగా అనిపిస్తోంది.

శ్రీనివాస్, సికింద్రాబాద్ (రాత్రి 10.38)

ఈ వారంలోనే తీయించండి. ఎముకల వైద్యుడికి కాలు పొడవు తేడా గురించి తప్పక చెప్పండి.

రఘురాం, మల్కాజిగిరి (మంగళవారం, రాత్రి 11.20)

ఇది రఘురాం గారి ఖాతా, రాస్తున్నది ఆయన భార్యను. మీరు రాసినవన్నీ ఇద్దరం కూర్చుని చదివాం.

వద్దన్నది నేనే కనుక ఎందుకో చెప్పాలి. మార్గదర్శకాల సంగతి నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మజ్జ తీసిన ప్రతిసారీ మత్తు ఇస్తారట. వాడు పుట్టిన పదకొండు రోజులు నేను అద్దం ఇవతల నిలబడ్డాను. మళ్లీ మూడుసార్లు వాడిని తలుపు అవతలికి పంపి ఇవతల నిలబడడం నా వల్ల కాదు. ఇంతే నా కారణం. ఇది ఏ అధ్యయనంలోనూ ఉండదని తెలుసు.

కాన్పు ఊళ్లోనే జరగాలని పట్టుబట్టింది మామగారు. నొప్పులు మొదలయ్యాక పెద్దాసుపత్రికి చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన పొలం అమ్ముతానన్న రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. అమ్మవద్దని ఆయనకు ఎలా చెప్పాలో మా ఇద్దరికీ తెలియడం లేదు. కేంద్రం వాళ్లకు మాత్రం ఫోన్ చేసి ఇది ట్రయలా, చికిత్సా అని అడిగాం. వచ్చి మాట్లాడమన్నారు.

ఎక్స్‌రేకు గురువారం తీసుకెళ్తున్నాం. శ్రీనివాస్ గారూ, కాళ్లు విడదీస్తే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ఎలా పట్టుకోవాలి?

శ్రీనివాస్, సికింద్రాబాద్ (రాత్రి 11.31)

విడదీయవద్దమ్మా. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి చిప్పలు పైకి చూసేలా రెండు కాళ్లూ తిన్నగా, పక్కపక్కన ఉంచితే చాలు. నడుము కింద ఖాళీ కనిపిస్తే మోకాళ్ల కింద దిండు పెట్టి, నడుము బల్లకు ఆనేదాకా ఎత్తండి. లోపలికి మీరే వెళ్లండి, సీసపు ఆప్రాన్ ఇస్తారు. వాడి తల దగ్గర నిలబడి, వాడికి తెలిసిన పాట ఏదైనా పాడుతూ ఉండండి.