బీఎంఎస్ ఆపరేటర్ నుంచి ప్రోగ్రామింగ్ వైపు వెళ్లడం ఎలా? (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఈఈఈ డిప్లొమా. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఐటీ పార్కులో బీఎంఎస్ (బిల్డింగ్‌లో ఏసీ లాంటివాటిని కంప్యూటర్ నుంచి చూసుకునే బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఆపరేటర్‌గా షిఫ్టుల్లో చేస్తున్నాను. ఏహెచ్‌యూ (ఫ్లోర్లకు చల్లగాలి పంపే యూనిట్) ట్రిప్ అయితే టెక్నీషియన్‌ను పంపడం, గంటగంటకూ చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే మెషీన్) రీడింగులు లాగ్‌బుక్‌లో రాయడం, ఇదే పని. మొన్న రాత్రి ఒక ఫ్లోర్ ఎంతకీ చల్లబడలేదు. స్క్రీన్ మీద చల్లనీళ్ల వాల్వ్ నూరు శాతం తెరుచుకున్నట్టే ఉంది, పైకెళ్లి చూస్తే దాన్ని తిప్పే యాక్చుయేటర్ అసలు కదలనే లేదు. అంతవరకూ నేనే పట్టుకున్నాను. కానీ వీటిని నడిపే కంట్రోలర్‌లో ప్రోగ్రామ్ లాజిక్ ముట్టుకోవాలంటే వెండర్ ఇంజనీరే రావాలి, పాస్‌వర్డ్ మా చేతికివ్వరు.

విచిత్రం ఏంటంటే, ఆ వెండర్ వాళ్లే మనుషులు దొరకట్లేదని వాపోతారు. మేం అప్లై చేస్తే ప్రోగ్రామింగ్ అనుభవం ఉందా అంటారు. పనివ్వకుండా అనుభవం ఎక్కణ్నుంచి వస్తుందండీ?

మోడ్‌బస్, బ్యాక్‌నెట్ (ఈ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోటోకాల్స్) బేసిక్స్ సొంతంగా నేర్చుకున్నాను. వాటిని కలిపే ఆర్‌ఎస్-485 కేబుల్ లైన్ చివర 120 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకు పెడతారో కూడా తెలుసు. ఇప్పుడు సొంత డబ్బుతో నయాగరా 4 (బీఎంఎస్ ప్రోగ్రామింగ్‌కి వాడే సాఫ్ట్‌వేర్) సర్టిఫికేషన్ చేయాలా? లేక జీతం తగ్గినా సరే, సిస్టమ్ ఇంటిగ్రేటర్ (ఇలాంటి సిస్టమ్‌లు సైట్లలో అమర్చే కంపెనీ) దగ్గర కమిషనింగ్‌లో (కొత్త సిస్టమ్‌ను పరీక్షించి నడిపించే పనిలో) చేరడమే మేలా? నాకు రెండోదే నయమనిపిస్తోంది, ఇంట్లోవాళ్లకే టెన్షన్. ఆపరేటర్‌గా మొదలుపెట్టి అటు వెళ్లినవాళ్లు ఉంటే, మొదటి అవకాశం ఎలా దొరికిందో చెప్పండి. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు మాత్రం వద్దు, ప్లీజ్.