పెదవి మీద జ్వరం పొక్కులు: కొందరికే ఎందుకు?

ప్రశ్న: జ్వరం తగ్గగానే పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులు లేస్తాయి కదా, ఒకే ఇంట్లో కొందరికే ఎందుకు? పసిపాప ఉంటే ఏం జాగ్రత్త పడాలి?

జవాబు 1: చాలామంది అనుకున్నట్టు ఇది ఒంట్లో వేడి వల్ల కాదండి, హెచ్ఎస్‌వి-1 (హెర్పిస్ సింప్లెక్స్ రకం 1) అనే వైరస్ వల్ల. ప్రపంచంలో 50 ఏళ్లలోపువారిలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువగా చిన్నప్పుడే లాలాజలం ద్వారా అంటుతుంది. ఆ తర్వాత ఈ వైరస్ ముఖానికి స్పర్శనిచ్చే నరం మూలంలో దాగి ఉంటుంది. చాలామందికి జన్మలో ఒక్క పొక్కూ రాదు. మిగతావారిలో జ్వరం, ఎండ, ఒత్తిడి, నెలసరి దాన్ని లేపుతాయి. ఎండతో వచ్చేవారు ఎస్‌పిఎఫ్ 30 లిప్ బామ్ వాడాలి.

జవాబు 2: చురుకు, దురద మొదలైన గంటల్లోనే మందు పడాలి. పెద్దలకు వాలాసైక్లోవిర్ 2 గ్రాములు, 12 గంటలకు మరో 2 గ్రాములు, అంతే. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి కాబట్టి ముందే డాక్టరు చేత రాయించుకోండి. చెక్కు కట్టాక మింగితే పెద్దగా ఫలితం ఉండదు. స్టిరాయిడ్ ట్యూబు సొంతంగా రాయకండి, వైరస్ ఇంకా పెరగవచ్చు. నోటి మూలలు రెండు వైపులా పగిలితే అది వేరే సమస్య.

జవాబు 3: పాప సంగతి ముఖ్యం. చెక్కు రాలి చర్మం పూర్తిగా మానేదాకా ఎవరూ ముద్దు పెట్టొద్దు, పొక్కు తాకితే సబ్బుతో చేతులు కడగాలి. నెలలోపు బిడ్డకు ఇది మెదడు దాకా పాకగలదు. జ్వరం, పాలు తాగకపోవడం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రొమ్ము మీద పుండు లేకపోతే తల్లి పాలివ్వవచ్చు.