మొదటి పెసహ్, ఇంట్లో సెదెర్: ఓవెన్, అన్నం, సెలవు సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్త మెతపెలెత్ (ఏప్రిల్ 2, 2025)
అందరికీ నమస్తే. ఇజ్రాయెల్‌లోని పెతా తిక్వాలో ఒక సవ్తా (బామ్మ) దగ్గర మెతపెలెత్‌గా, అంటే ఆమెను చూసుకునే పనిలో చేరి ఐదు నెలలైంది. ఇది నా మొదటి పెసహ్ (యూదుల పాస్ఓవర్ పండగ). 12వ తారీఖు శనివారం రాత్రి సెదెర్, అంటే పండగ మొదటి రాత్రి విందు, మా ఇంట్లోనే. సవ్తా కూతురు, అల్లుడు, పిల్లలు కలిసి 11 మంది. కూతురు ఫోన్‌లో పెద్ద లిస్టు పంపింది, చూస్తేనే టెన్షన్‌గా ఉంది. ఓవెన్ ఎట్లా కడగాలి? నా రైస్ కుక్కర్, పప్పు డబ్బాలు ఎక్కడ పెట్టుకోవాలి? ఆ వారం అన్నం వండుకోవచ్చా? పండగ రోజు పని చేస్తే సెలవు వేరే ఇస్తారా, డబ్బులిస్తారా?

హైఫా అన్న
16 ఏళ్ళ నుంచి ఇక్కడున్నాను, ఆరు ఇళ్ళు చూశాను. నా మాట విను. అన్నం మర్చిపో చెల్లెమ్మా. పెసహ్‌లో బియ్యం నిషేధమని తోరాలోనే (వాళ్ళ ధర్మగ్రంథం) ఉంది. ఏడు రోజులూ ఆలుగడ్డ, గుడ్డు, మత్సా (పులియని రొట్టె). మొదటి ఏడాది నాకు బెల్టుకు కొత్త బొక్క కొట్టించాల్సి వచ్చింది.

బెయెర్ షెవా వదిన
అన్నా, తోరాలో బియ్యం ఊసే లేదు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ ఐదూ నీళ్ళు తగిలి పులిస్తే హమేత్స్, అంటే ఆ వారం నిషేధం. మత్సా పిండిని కలిపిన 18 నిమిషాల్లో కాల్చేసేది అందుకే. బియ్యం, పప్పులు, ఆవాలు, నువ్వులు కిత్నియోత్ అంటారు, హమేత్స్ కాదు. అవి మానేసింది యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీలు. మా సబా (తాతగారు) ఇరాక్ మనిషి. సెదెర్ రాత్రే మా ఇంట్లో అన్నం ఉంటుంది.

హైఫా అన్న
నేను చూసిన ఆరిళ్ళలో ఒక్కరూ తినలేదు. ఆరుగురూ తప్పా?

బెయెర్ షెవా వదిన
ఆరుగురూ పోలండ్, రుమేనియా వాళ్ళయి ఉంటారు. తప్పని ఎవరన్నారు?

నెతన్యా నుంచి
వదినా, మీరూ అంత గట్టిగా చెప్పకండి. మా ఇంటివాళ్ళు మొరాకో వాళ్ళు. అష్కెనాజీలు కారు, సెఫార్దీలే, అయినా ఆ వారం బియ్యం ముట్టరు. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిదే. ముందు మీ సవ్తా వాళ్ళది ఏ దేశమో చెప్పమ్మా.

ఎడిసన్ కోడలు
అమెరికా నుంచి రాస్తున్నా. మా అత్తగారింట్లో రెండు సెదెర్లు, ఎనిమిది రోజులు. ఇక్కడ కన్సర్వేటివ్ శాఖ యూదుల రబ్బాయిలు (మత గురువులు) 2015లో అష్కెనాజీలు కూడా కిత్నియోత్ తినొచ్చని తేల్చేశారు.

హైఫా అన్న
మీ అమెరికా తీర్పులు ఇక్కడి వంటింట్లో నడవవండీ. ఆ మాట మా సవ్తాతో అంటే నన్ను బయటికి పంపించేది.

ఎడిసన్ కోడలు
మా అత్తగారూ ఒప్పుకోలేదు లెండి. అందుకే ఆవాలు, మినప్పప్పు లేకుండా బంగాళదుంప వేపుడు చేశాను. మామగారు రెండోసారి వేసుకున్నారు. నాకు గర్వం. గిన్నెలు సర్దుతూ ఇంగువ డబ్బా వెనక చదివాను: గోధుమ పిండి. పొడి ఇంగువ చాలావాటిలో మైదా కలుపుతారు, అప్పటిదాకా నాకు తెలియదు. ఇది జరిగి మూడేళ్ళు. ఇంట్లో ఈ రోజుకీ చెప్పలేదు.

నెతన్యా నుంచి
చెప్పకపోవడం తప్పండీ. ఆయన నమ్మి తిన్నారు.

ఎడిసన్ కోడలు
తెలిసి పెట్టానా?

నెతన్యా నుంచి
తెలిశాక కూడా చెప్పలేదుగా, నేనంటున్నది అదే. ఆ వేపుడు గిన్నె మళ్ళీ పెసహ్ గిన్నెల్లోకే పోయిందా? ఆ గిన్నె సంగతేంటి?

ఎడిసన్ కోడలు
మీరు నా అత్తగారు కాదు.

చేబ్రోలు పక్కూరు
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. పెసహ్ కోసం ఇజ్రాయెల్ దాకా ఎందుకు, మా పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. 1990ల మొదట్లో సినగాగ్ కూడా పెట్టుకున్నారు. మీలో ఎంతమందికి తెలుసు?

బెయెర్ షెవా వదిన
తెలుసు బాబూ. ఆ అమ్మాయి అడిగింది ఓవెన్ గురించి. ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తా. మసి, జిడ్డు అంతా గీకి కడుగు. 24 గంటలు వాడకుండా వదిలెయ్. తర్వాత ఫుల్ వేడి మీద గంట. సింకులో సలసల కాగే నీళ్ళు పొయ్యి, గట్టు మీద అల్యూమినియం ఫాయిల్ పరుచు. ఈ ఏడు సెదెర్ షబ్బాత్ (శనివారం విశ్రాంతి దినం) దాటగానే పడింది, కాబట్టి వంటంతా శుక్రవారం పొద్దు గుంకేలోపే అయిపోవాలి. శనివారం నువ్వు గిన్నె తోముతానన్నా ఊరుకోరు.

రమత్ గన్‌లో ఉంటా
హమేత్స్ వెతికే రాత్రి కూడా మారింది, గుర్తుపెట్టుకో. మామూలుగా పండగ ముందు రాత్రి, ఈసారి గురువారం రాత్రే. దీపం, ఈక, చెక్క గరిటె. పిల్లలు పది రొట్టె ముక్కలు దాస్తారు. లెక్క రాసిపెట్టుకో! పోయినేడు మా ఇంట్లో తొమ్మిదే దొరికాయి. అర్ధరాత్రి దాకా మంచాలు జరిపాం, సోఫా తిరగేశాం. మా సబాకి మతిమరుపు. కుర్చీలో కూర్చుని అందరినీ చూసి నవ్వుతున్నాడు. మూతి తుడుద్దామని పోతే గడ్డం మీద రొట్టె పొడి.

నెతన్యా నుంచి
😂😂 సరే, అది తిన్నా లెక్కే. పొద్దున కాల్చడానికి తొమ్మిది మిగిలాయిగా.

మోర్తాడ్ అక్క
మీరంతా నవ్వుతున్నారు. నాదొకటి చెప్తా. మొదటి సెదెర్‌కి నాలుగు రోజులు నిద్రలేకుండా చేసిన. అందరూ కూర్చున్నాక వైన్ సీసా తీసి గ్లాసుల్లో పోయబోయిన. అల్లుడు ఒక్క మాట అనలేదు. నా చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుని పక్కన పెట్టి ఇంకోటి తెచ్చిండు. నాకు మా ఊళ్ళో బావి గట్టు గుర్తొచ్చింది. ఇక చెప్పను.

హైఫా అన్న
అది నీ మీద కోపం కాదక్కా. యూదులు కాని వాళ్ళు పోస్తే వైన్ చెల్లదని వాళ్ళ పాత నియమం. సీసా మీద మెవుషాల్ అని రాసి ఉంటే, అంటే కాచిన వైన్ అయితే, ఎవరు పోసినా ఏమనరు. మడి లాంటిదే.

మోర్తాడ్ అక్క
మడి అంటే నాకు నువ్వు చెప్పాలా అన్నా. అవతల నిలబడ్డది నేను.

(ఇక్కడ హైఫా అన్న రాసిన జవాబు ఆయనే తీసేశారు)

బెయెర్ షెవా వదిన
అక్కా, మా ఇంట్లో సబా మెవుషాల్ సీసాలే తెప్పిస్తాడు. నాతో పోయించడానికే. కొత్తమ్మాయీ, కొనేటప్పుడే కూతురితో ఈ మాట అను. ముందే అడిగితే ఎవరికీ బాధ ఉండదు.

చేబ్రోలు పక్కూరు
సెదెర్‌కి చేదు దుంప ఏదో తురుముతారటగా, కళ్ళు మండిపోతాయని విన్నా. మా గుంటూరు మిర్చి ముందు ఎంత?

రమత్ గన్‌లో ఉంటా
హజెరెత్. తురిమి చూడు, అప్పుడు మాట్లాడు. మిర్చి నాలుక దగ్గర ఆగుతుంది, ఇది ముక్కులోంచి నెత్తికెక్కుతుంది. కిటికీ తెరిచి, ముఖం పక్కకి తిప్పి తురమాలి. సెదెర్ పళ్ళెంలో మిగతావన్నీ తేలికే: ఉడికించి కాల్చిన గుడ్డు, ఎముక (మేము కోడి మెడ కాల్చి పెడతాం), ఆకుకూర, హరోసెత్. హరోసెత్ యాపిల్, అక్రోట్, వైన్, దాల్చిన చెక్క. ఇరాక్ వాళ్ళయితే ఖర్జూరం పాకం, అక్రోట్.

చేబ్రోలు పక్కూరు
చేదు, తీపి… మన ఉగాది పచ్చడి లాగే!

నెతన్యా నుంచి
ఏటా ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు.

కొత్త మెతపెలెత్ (ఏప్రిల్ 20)
అందరికీ థాంక్స్, ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నా. ఏ దేశమని అడిగారు కదా. మా సవ్తాది రుమేనియా, పోయిన సబా ఇరాక్. పెళ్ళయ్యాక భర్త ఇంటి పద్ధతే పాటించాలట, అందుకని ఆమె యాభై ఏళ్ళుగా అన్నం తింటోంది. అల్లుడు మాత్రం అష్కెనాజీ, అతను ముట్టడు. ఒకే బల్ల మీద రెండు రకాలూ పెట్టాం.

బియ్యం మూడుసార్లు ఏరాలంది సవ్తా. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచింది. చేట లేదు, పళ్ళెంలోనే గింజ గింజ జరుపుకుంటూ ఏరాను. ఆమెకి కళ్ళు సరిగ్గా కనపడవు, పక్కన కూర్చుని నా వేళ్ళనే చూస్తోంది. మొదటిసారి ఏం లేదు. రెండోసారి కూడా. మూడోసారి నాకు విసుగొచ్చి గబగబా జరిపేస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక గోధుమ గింజ! కళ్ళు కనపడవన్న మనిషికి ఎట్లా కనపడిందో. దాన్ని కాగితంలో చుట్టి దాచి, కూతురు రాగానే తలుపు దగ్గరే చూపించింది.

నా పప్పులు, రైస్ కుక్కర్, రొట్టె నా గదిలో బీరువాలో పెట్టి తాళం వేసుకున్నా. అవి నా సొంతం కాబట్టి అభ్యంతరం లేదన్నారు. ఇంగువ డబ్బా కూడా అందులోకే పోయింది, ఎడిసన్ అక్కకి థాంక్స్.

సెలవు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మోర్తాడ్ అక్క
ఏడాదికి 9 పండగ సెలవులు, జీతంతో. వాళ్ళ పండగలైనా మన పండగలైనా నువ్వే ఎంచుకోవచ్చు. ముందే కాగితం మీద రాయించుకో. నాకు ఈ మాట తెలిసేసరికి రెండేళ్ళు పోయాయి.

హైఫా అన్న
చెల్లెమ్మా, గోధుమ పిండి లేని ఇంగువ ఎక్కడైనా దొరుకుతుందా? మా సవ్తాకి సాంబారు అలవాటైంది.