అవతలి వంపు దగ్గర ఇంజిన్ నీరసపడుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మిద్దె మీది గదిలో, ప్లైవుడ్ మీద, గుంతకల్లు జంక్షన్ పోలికతో హెచ్‌ఓ సైజు (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ వేస్తున్నాను. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. 1:87 లెక్కన మన బ్రాడ్‌గేజ్‌కు 19 దాటాలి, ఆ పట్టింపు వదిలేశాను.

అసలు సమస్య కరెంటుది. కంట్రోలర్ దగ్గర జోరుగా పోయే ఇంజిన్ అవతలి వంపు చేరేసరికి ఈడ్చుకుంటూ పోతోంది, హెడ్‌లైటు మసకబారుతోంది. పట్టాలు, చక్రాలు స్పిరిట్‌తో తుడిచినా అంతే. ఇంజిన్ నడుస్తుండగా మీటర్ పెడితే ఇక్కడ 12 వోల్టులు, అక్కడ 9 కూడా లేదు. సరఫరా ఒక్కచోటే ఇచ్చాను కాబట్టి పట్టా ముక్కలను కలిపే జాయినర్ల మీదే నా అనుమానం.

పట్టాలకు అక్కడక్కడా కరెంటు అందించే ఫీడర్ వైర్లు ఎన్ని అడుగులకొకటి వేయాలి? ఎంత మందం వైరు సరిపోతుంది? జాయినర్లన్నీ సోల్డర్ చేసేస్తే ఎండాకాలం పట్టాలు సాగి వంకరపోవా? మే నెలలో ఈ గది పెనమే. డీసీసీకి (డిజిటల్ కంట్రోల్ పద్ధతికి) మారమని మాత్రం చెప్పకండి, ఇంట్లో ఇప్పటికే గొడవ!